తాళం ఉంటే పక్కిల్లు

ప్రశ్నలమ్మ అన్న పేరు ఆమెకి ఊళ్ళవాళ్ళు పెట్టింది. విశ్వవిద్యాలయంలో ఆమె ప్రొఫెసర్ గారు, ఇంట్లో అత్తగారి నోట "మా మహాతల్లి". ఊళ్ళలో మాత్రం ఇరవై ఆరేళ్ళుగా ప్రశ్నలమ్మే. చేతిలో అట్ట, అట్టకో క్లిప్పు, క్లిప్పు కింద ఫారాలు. నిన్న పొయ్యి ఎన్నిసార్లు వెలిగించారు, ఇంట్లో బడికి వెళ్ళేదెవరు, మానేసిందెవరు, ఎందుకు మానేశారు. అడిగిందే అడిగి జనం తల తినేసేది. పిల్లలు వెనకాలే నడుస్తూ "ఎందుకు మానేశారూ" అని ఆమె గొంతుతోనే వెక్కిరించేవాళ్ళు. ఆమె కోప్పడేది కాదు. ఆ వెక్కిరించే వాళ్ళు బడికి వెళ్తున్నారో లేదో అది కూడా రాసుకునేది.

ఆమె తల్లి బట్టలు కుట్టేది. పని ఎక్కడ దొరికితే అక్కడికి మిషన్ మోసుకుపోయేది. ఆరో ఏట కూతుర్ని ఒక హాస్టల్లో పడేసి, "ఇక్కడ అన్నం పెడతారు, చదువు కూడా చెప్తారట, ఏడవకు" అని వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఏడ్చింది, అన్నం తిన్నది, చదివింది. ఆ హాస్టలే లేకపోతే తనూ ఎక్కడో కాజాలు కుట్టుకుంటూ ఉండేదాన్నని ఆమెకి బాగా తెలుసు. అందుకే పరిశోధనకి అంశం ఎంచుకోమన్నప్పుడు తడుముకోలేదు. పనికోసం ఊరొదిలిపోయే వాళ్ళ పిల్లలు, వాళ్ళ చదువు, వాళ్ళ బీదరికం. జీవితమంతా అదే పట్టుకు కూర్చుంది.

మొదటి విడత సర్వే ఆమె ఒక్కతే చేసింది. పన్నెండు ఊళ్ళు, ఊరికి నలభై ఇళ్ళు, వానాకాలం, మోకాలి లోతు బురద. నాట్ల రోజులు కనక ఊళ్ళో అందరూ ఉన్నారు. వందిళ్ళలో అరవై రెండిళ్ళకి రెండు పూటలా తిండి లేదని తేలింది. వానలు వెనకబడగానే ఆ ఇళ్ళవాళ్ళు పిల్లాపాపలతో లారీలెక్కి ఇటుక బట్టీలకి పోతారని కూడా తేలింది. ఆ కాగితాలు పట్టుకుని ఆమె, ఆమె గురువుగారు పెద్దసారు కాళ్ళరిగేలా తిరిగారు. చివరికి ఒక విదేశీ సంస్థ కరుణించింది. పన్నెండు ఊళ్ళలో పన్నెండు హాస్టళ్ళు వెలిశాయి. తల్లిదండ్రులు లారీ ఎక్కిన రోజు నుంచి తిరిగొచ్చే దాకా, ఆరు నెలలు, పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవచ్చు. ఆ తలుపులు తెరిచిన రోజు ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి పెద్దసారు, "ప్రశ్నలడిగేవాళ్ళు ఏడవకూడదమ్మా" అని ఆటపట్టించారు.

ఫారాలు అచ్చువేసిన ప్రెస్సాయన్నే ఆమె పెళ్ళి చేసుకుంది. రెండో విడతకి ఫారాలు దిద్దుతూ ఆయన బల్ల దగ్గర కూర్చుని, అడుగున చిన్నక్షరాల్లో ఒక వాక్యం తనే చేర్చింది. "ఎంపిక చేసిన ఇంటికి తాళం వేసి ఉన్నచో పక్క ఇంటి వివరములు నమోదు చేయవలెను." విద్యార్థులు ఒక్కో తాళం ముందు రోజులకి రోజులు కాపలా కూర్చోలేరు కదా. పుస్తకాల్లోనూ అలాగే ఉంది, విదేశాల్లోనూ అలాగే చేస్తారు. విద్యార్థుల నోట్లో నలిగి అది "తాళం ఉంటే పక్కిల్లు" అయింది.

తర్వాత రెండేళ్ళు విదేశంలో చదివొచ్చింది. అంతర్జాతీయ విద్యా విభాగంలో ఉద్యోగం వచ్చింది, పైమెట్లు ఎక్కింది. రెండు, మూడు, నాలుగు విడతల సర్వేలు ఆమె విద్యార్థులు చేశారు. కాలేజీ సెలవుల్లో వెళ్ళేవాళ్ళు, సెలవులు ఎండాకాలంలో వచ్చేవి. నాలుగో విడతకి అరవై రెండు కాస్తా ఇరవై ఎనిమిదైంది! హాస్టళ్ళు పెట్టిన ఊళ్ళలో బీదరికం సగానికి పైగా తగ్గిందని ఆమె పుస్తకం రాసింది. ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోని వాళ్ళు లేరు. ఏ దేశంలో సమావేశమైనా ఆమెకి కుర్చీ వేసేవాళ్ళు. అత్తగారు మాత్రం, "లోకంలో బీదరికమంతా పోగొట్టింది గానీ మన గ్యాసు బండ ఎప్పుడైపోయిందో చూసుకోదు" అనేది, పక్కింటావిడకి వినపడేట్టు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున వంటక్క ఫోను చేసింది. పన్నెండు ఊళ్ళలో మొదటి ఊరి హాస్టల్లో మొదటి రోజు నుంచీ వండిపెడుతున్న మనిషి ఆమె.

"అమ్మా, మా ఊరు బాగుపడిపోయిందంట. కాగితమొచ్చింది. ఇంక హాస్టలు అక్కర్లేదంట. ఎవరు బాగుపడ్డారో కాస్త చెప్పండి, వెళ్ళి చూసొస్తాను."

"ఎవరన్నారు?"

"మీరేనంట కదా. మీ పుస్తకంలో ఉందని రాశారు."

మందు పనిచేసింది కనక మందు ఆపేద్దాం, మిగిలిన డబ్బు ఇంకో దేశానికి పంపిద్దాం అని ఎవరో మంచి చొక్కా వేసుకున్నాయన ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని తేల్చాడన్నమాట. చదువుకున్నవాళ్ళ తెలివి ఇలాగే తెల్లారుతుంది. కానీ ఆమె తిట్టుకుంటూ కూర్చోలేదు. వంటక్క ఇంకో మాట అన్నది, అది చెవిలో ముల్లులా దిగింది. "పోయినేడు నా రిజిస్టర్లో అరవై ఒక్కమంది పిల్లలున్నారమ్మా. వీళ్ళు బీదవాళ్ళు కాకపోతే మరి మీరు ఎవరింటికెళ్ళి అడిగారు?"

విభాగం వెనక సామాన్ల గదిలో పాత ఫారాలున్నాయి. విరిగిన కుర్చీల మధ్య నేల మీద కూర్చుని నాలుగో విడత కట్టలు విప్పింది. పక్కింట్లో అడిగిన ప్రతి ఫారం మీదా మూల 'ప' అని రాయాలి, విద్యార్థులు బుద్ధిగా రాశారు. వంటక్క ఊళ్ళో నలభై ఫారాల్లో పదిహేడింటి మీద 'ప' ఉంది. పన్నెండు ఊళ్ళూ కలిపితే నూట అరవై మూడు. ఆ పదిహేడు తాళాల ఇళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని వంటక్కకి ఫోను చేసింది. ఒక్కో పేరూ చదువుతుంటే అవతల వంటక్క రిజిస్టరు తిప్పుతూ, "ఆ, ఇద్దరు. ఆ, వీళ్ళ పిల్ల ఉంది. ఆ, వీళ్ళు ముగ్గురు" అంటూ పోయింది. పదిహేడిళ్ళలో పదిహేనిళ్ళ పిల్లలు ఆమె పెట్టించిన హాస్టల్లోనే ఉన్నవాళ్ళు.

మొదటిసారి వానల్లో వెళ్ళింది, బీదవాళ్ళు ఇళ్ళలో ఉన్నారు. తర్వాత మూడుసార్లూ సెలవుల్లో వెళ్ళారు, బీదవాళ్ళు బట్టీల్లో ఉన్నారు. తాళం లేని పక్కింట్లో అడిగారు. ఊళ్ళో ఉండగలిగిన వాడు కాస్త తిండి ఉన్నవాడే. బీదరికం తగ్గలేదు. బీదవాళ్ళు ఇంట్లో లేరు, అంతే. ఇంత చిన్న విషయం ఇంతమంది డాక్టరేట్లకి తట్టలేదు, ఆమెకి అసలు తట్టలేదు, ఆ వాక్యం రాసింది ఆమే. లారీలు రావడానికి ఇంకా ముప్పై నాలుగు రోజులుంది.

పెద్దసారు గదిలో అద్దపు బల్ల మీద ఎనిమిది దేశాల జెండాలు, చిన్న చిన్నవి, స్టాండుకి గుచ్చి ఉన్నాయి.

"సార్, మన లెక్క తప్పు."

"తాళాల సంగతేనా? తాళం వేసిన ఇల్లు లేని దేశం ఉందామ్మా? అందరూ పక్కింటికే వెళ్తారు."

ఆమె కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన అర్థం కాని మనిషి కాదు. రెండుసార్లు చదివారు, కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకోలేదు.

"వచ్చే నెల మన పుస్తకం చూసి ఎనిమిది దేశాలవాళ్ళు వస్తున్నారు. విభాగంలో పద్నాలుగు మంది ఉద్యోగాలు దాని మీదే ఉన్నాయి. ఆ సమావేశం గట్టెక్కనీ. తర్వాత నువ్వే ఒక వ్యాసం రాయి, నేను ముందుమాట రాస్తాను."

"అప్పటికి లారీలు వెళ్ళిపోతాయి సార్."

"ఏ లారీలు?" అన్నారు పెద్దసారు.

ఆమె కాగితం తీసుకుని బయటికొచ్చింది. ఇరవై ఆరేళ్ళు తనకి తండ్రిలా నిలబడ్డ మనిషి మీద అంత అసహ్యం వేస్తుందని ఆమె అనుకోలేదు.

పుస్తకం అచ్చువేయించిన విదేశీ మిత్రురాలికి ఉత్తరం రాసింది. మర్యాదగా జవాబొచ్చింది. తప్పు సవరించాలంటే ముగ్గురు నిపుణులు చూడాలి, ఎనిమిది నెలలు పడుతుంది, నీ నిజాయితీ చూస్తే గర్వంగా ఉంది అని. ఆ గర్వాన్ని ఏ పిల్లకి వడ్డించాలో ప్రశ్నలమ్మకి తెలియలేదు. ఇరవై ఆరు రోజులు మిగిలాయి.

సంస్థ ఇచ్చే డబ్బుతో హాస్టళ్ళు నడిపే జిల్లా అధికారి దగ్గరికి వెళ్ళింది. ఆయన లేచి నిలబడ్డాడు. "మీ పుస్తకం చదివే మేడమ్, నేను ఈ ఉద్యోగం పరీక్ష గట్టెక్కింది" అన్నాడు, పేజీ నంబర్లతో సహా. ఆమె నీళ్ళు నమలకుండా ఉన్నదున్నట్టు చెప్పేసింది. నా పుస్తకం తప్పు, నా మాట నమ్మి మీరు పన్నెండు హాస్టళ్ళు మూసేస్తున్నారు, మూయకండి అని. ఆయన పెన్ను మూత తీసి పెట్టాడు.

"అచ్చయిన పుస్తకాన్ని మీ నోటిమాటతో కొట్టేయలేను మేడమ్. పన్నెండూ నా చేతుల్లో లేవు. ఒక్కటైతే నిలబెట్టగలను. ఊళ్ళో ముప్పై ఇళ్ళవాళ్ళు మేం పనికోసం ఊరొదిలి పోతున్నాం అని వేలిముద్ర వేసి ఇవ్వాలి. ఇరవయ్యో తేదీ సాయంత్రం లోపల నా బల్ల మీద ఉండాలి."

పన్నెండింటిలో ఒక్కటి. ఆమెకి సిగ్గేసింది, అయినా దణ్ణం పెట్టి వచ్చేసింది. వంటక్క రిజిస్టరులో పిల్లలు నలభై నాలుగిళ్ళవాళ్ళు. ముప్పై ముద్రలు ఎంతసేపు అనుకుంది.

మర్నాడు పొద్దున్నే అట్ట పట్టుకుని ఊళ్ళో దిగింది. మొదటి ఇంటి ముందు ఏడెనిమిదేళ్ళ పిల్ల గోడకి ఆనుకుని పలక మీద ఏదో గీస్తోంది. హాస్టల్లో దాన్ని పిచ్చుక అంటారు, నోరు మూతపడదు కనక. తల్లి బయటికొచ్చింది. ఆమె వెనక, గుమ్మం లోపల, సగం కట్టిన మూటలు రెండు కనపడుతున్నాయి.

"పనికి ఎప్పుడు వెళ్తున్నారమ్మా?"

"మేం ఎక్కడికీ పోమండి."

"అదేంటి, లారీలో పోతారుగా" అంది పిచ్చుక. తల్లి దాని నోటిమీద ఒక్కటి వేసింది.

"దానికి తెలీదండి. మేం ఇక్కడే ఉంటాం. బాగానే ఉన్నాం. రెండు పూటలా తింటున్నాం." ఆమె ఎదురుగా ఉన్న మనిషి మొహం కాక అట్టకేసి చూస్తూ చెప్పింది, అప్పజెప్పినట్టు.

ప్రశ్నలమ్మ బతిమాలింది. ఈ కాగితం మీ మంచికే, హాస్టలు ఉండాలంటే ఇదొక్కటే దారి అంది. పిచ్చుక తల్లి విన్నది, తలూపింది, వేలు మాత్రం కొంగులోంచి బయటికి తీయలేదు. పక్కింట్లోనూ అంతే, ఆ పక్కింట్లోనూ అంతే. అందరూ బాగానే ఉన్నారు, ఎవరూ ఎక్కడికీ పోరు. సాయంత్రానికి రెండంటే రెండు ముద్రలు పడ్డాయి, అందులో ఒకటి వంటక్క చెల్లెలిది.

వంటగది మెట్ల మీద కూలబడితే వంటక్క అసలు సంగతి చెప్పింది. "రెండో విడతకి మీ పిల్లలొచ్చారు చూడండి, ఎవరెవరు ఊళ్ళో లేరో రాసుకుని పోయారు. ఆ ఏడాదే ఊళ్ళో లేనివాళ్ళకి సర్కారు సాయం కార్డులు తీసేశారు. మీ కాగితం వల్లేనంటారు వీళ్ళు. అవునో కాదో నాకు తెలీదు. కార్డులైతే పోయాయి. అప్పటినుంచి అట్ట కనిపిస్తే చాలు, అందరం బాగున్నాం అంటారు."

"మరి నాకెవరూ చెప్పలేదేం అక్కా?"

"మీరు అడగలేదు కదమ్మా. మీ ఫారంలో ఆ ప్రశ్న లేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేదేమో. ఇన్నేళ్ళూ తన ఫారాల్లో ఇళ్ళలో ఉన్నవాళ్ళ జవాబులు కూడా భయం చెప్పించినవేనా? తన బతుకంతా పోగేసిన కట్టల్లో ఒక్కటంటే ఒక్క నిజం ఉందా?

అయినా వదలలేదు. పద్దెనిమిది రోజులు రోజూ వెళ్ళింది, విభాగానికి సెలవు పెట్టి, పెద్దసారు ఫోన్లు ఎత్తకుండా. అట్ట ఇంట్లో పారేసింది, ఫారాలు చేతిసంచిలో దాచుకుంది. చేలల్లో, బోరింగు దగ్గర, ఎక్కడ నలుగురు ఆడవాళ్ళు కనపడితే అక్కడ. కొందరు నవ్వి ఊరుకున్నారు, కొందరు తప్పించుకు తిరిగారు. హాస్టలు మూస్తారంటే ఎవరూ నమ్మలేదు. ప్రతి ఏడాదీ అదే పుకారు, ప్రతి ఏడాదీ తెరుస్తూనే ఉన్నారు. ఒక ముసలాయన మాత్రం, "ఇన్నేళ్ళు మమ్మల్ని అడిగావు, మేం చెప్పాం. ఇప్పుడు నువ్వు చెప్తున్నావు, మేం నమ్మాలా?" అన్నాడు. ఇరవయ్యో తేదీ మధ్యాహ్నానికి పదకొండు ముద్రలు.

ఆ పదకొండే తీసుకెళ్ళి అధికారి బల్ల మీద పెట్టింది. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశాడు, టీ తెప్పించాడు. "పంతొమ్మిది తక్కువ మేడమ్" అన్నాడు చివరికి, తనే తప్పు చేసినట్టు తల వంచుకుని.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా కుర్చీలో పడింది. అత్తగారు ఏదో అనబోయి, మొహం చూసి, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. ప్రెస్సాయన పక్కన కూర్చున్నాడు.

"ఆ వాక్యం నేనే కదా అచ్చువేసింది" అన్నాడు. "ఒక్కసారైనా తాళం వేసింది ఎవరు అని నేనూ అడగలేదు."

పాపం, తప్పులో సగం తను మోద్దామనుకున్నాడు. ఆమె ఆయన భుజం మీద తల పెట్టి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. హాస్టల్లో మొదటి రోజు తర్వాత అంతలా ఏడవడం అదే.

ఇరవై ఒకటిన జిల్లా ఆఫీసు వ్యాను ఊళ్ళోకొచ్చి హాస్టల్లో చాపలు, గిన్నెలు, నీళ్ళ డ్రమ్ములు ఎక్కించుకుని పోయింది. అప్పుడు నమ్మారు జనం.

ఇరవై రెండు పొద్దున లారీ వస్తుందని తెలిసి కూడా ప్రశ్నలమ్మ వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. ఇంట్లో ఉండలేక వెళ్ళింది. బస్సు దిగేసరికి లారీ బడి ముందు ఆగి ఉంది. మూటలు ఎక్కుతున్నాయి, పిల్లలు ఎక్కుతున్నారు. ఆమెని చూడగానే పిచ్చుక తల్లి పరుగున వచ్చింది, పిల్లని రెక్క పట్టుకుని లాక్కుంటూ.

"అమ్మా, ఆ కాయితం ఉందా? తెచ్చారా? వేస్తానమ్మా, ఇప్పుడు వేస్తా." కొంగులోంచి చెయ్యి తీసి బొటనవేలు చాపింది. "గిన్నెలు తీసుకుపోయారమ్మా, నిజంగానే తీసుకుపోయారు. ఆ రోజు భయమేసింది. ఏడ్చి మొత్తుకుంటోంది ఇది, బట్టీకి రానంటోంది. పోయినేడు అక్కడ ఒక పిల్ల మీద ఇటుకలు కూలాయని ఎవరో చెప్పారు దీనికి."

గడువు మొన్నటితో అయిపోయిందని ఆమె చెప్పాలి. చెప్పలేకపోయింది. సంచిలోంచి ఫారం తీసింది, సిరా డబ్బా తీసింది. మిగతావన్నీ తెలియక చేసిన తప్పులు, ఇదొక్కటీ ఆమె తెలిసి చేసింది. ఒక ముద్ర పడగానే లారీ మీది ఆడవాళ్ళు చూశారు. ఒకరి వెనక ఒకరు దిగారు. లారీ ముందు బంపరు మీద కాగితాలు పరిచి వేళ్ళు వేశారు. డ్రైవరు హారను కొడుతున్నాడు, ఎవరూ లెక్క చెయ్యలేదు. ఎక్కడికి పోతున్నారు, ఎన్నాళ్ళు, ఎంతమంది పిల్లలు. ఇరవై ఆరేళ్ళలో ఆమె ప్రశ్నలకి ఇంత గబగబా, ఇంత నిజంగా ఎవరూ జవాబు చెప్పలేదు. మొత్తం ఇరవై రెండు ముద్రలు. ఇచ్చిన పదకొండుతో కలిపితే ముప్పై మూడు.

అక్కడి నుంచే అధికారికి ఫోను చేసింది. ఆయన అంతా విన్నాడు.

"ఫైలు పైకెళ్ళిపోయింది మేడమ్, వంటామెని కూడా తీసేశారు. ఇప్పుడు నేనేం చెయ్యలేను. ఆ కాగితాలు జాగ్రత్తగా ఉంచండి, వచ్చే ఏడాదికి పనికొస్తాయి."

ఫోను దించింది. చుట్టూ ఇరవై రెండు మంది ఆడవాళ్ళు నల్లటి బొటనవేళ్ళు బట్టలకి అంటకుండా ఎడంగా పట్టుకుని ఆమె నోటికేసి చూస్తున్నారు. పిచ్చుక అప్పటికే లారీ మీంచి తన చిన్న మూట లాగేసుకుంది. దాన్ని గుండెలకి హత్తుకుని హాస్టలు వైపు తిరిగి నిలబడింది.

ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. ఈ ఒక్క పిల్లనీ నేను తీసుకెళ్తానమ్మా అన్న మాట ప్రశ్నలమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు లారీ అంచు మీద చేతులు వేసుకుని చూస్తున్న మిగతా పిల్లల మొహాలు కనిపించాయి, ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. అది న్యాయమో పిరికితనమో ఆమెకి ఇప్పటికీ తెలియదు. నన్నడిగితే పిరికితనమే.

"ఏమన్నారమ్మా?" అంది పిచ్చుక తల్లి. "దీన్ని ఇక్కడ వదిలెయ్యనా?"

"వద్దమ్మా" అంది ప్రశ్నలమ్మ. "ఎక్కించు."

పిచ్చుక తల్లి ఒక్క మాటైనా తిట్టలేదు. పిల్లని చంకల కింద పట్టుకుని లారీ మీదివాళ్ళకి అందించింది. తర్వాత మూట అందించింది. తర్వాత తనూ ఎక్కింది.